నూట ఇరవై బళ్లు పట్టించిన మొనగాడు

కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయన్నారు పెద్దలు. లేచి నిలబడి మాట్లాడితే ఏం కరుగుతుందో మాత్రం చెప్పకుండా వెళ్లిపోయారు. ఆ లోటు నేను తీరుస్తాను. నలభై నాలుగు మంది ఆడపిల్లలు రోజూ సాయంత్రం నాట్యం నేర్చుకునే హాలు కరిగిపోతుంది. మా ఊళ్లో అలాంటి హాలు ఒక్కటే ఉండేది. దాన్ని పది నిమిషాల్లో, ఎవరూ అడక్కుండా, కేవలం నా సొంత తెలివితేటలతో కరిగించాను. ఇందులో శత్రువుల సాయం ఏమీ లేదు.

ఊరి పేరు చెప్పను. బెజవాడలో బస్సెక్కితే గంటలో దిగుతారు, అంతవరకు చాలు. పేరు చెబితే మా వాళ్లు "ఓహో, మన కోటేశ్వరరావేనా!" అంటారు. చెప్పకపోయినా అంటారనుకోండి, అది వేరే సంగతి.

ముందు నా గొప్ప నేను చెప్పుకోవాలి. అది చెప్పకపోతే తర్వాత జరిగిన అప్రతిష్ఠ మీకు అర్థం కాదు. మాది బట్టల కొట్టు. మా నాన్న మగ్గం నేసేవాడు. నేను అంత కష్టపడలేక నేసేవాళ్ల దగ్గరా, బెజవాడ గవర్నర్‌పేట టోకు కొట్లలోనూ కొని అమ్ముకునేవాణ్ణి. కొట్టు వెడల్పు ఎనిమిది అడుగులు, లోతు పద్నాలుగు. అందులో రెండు వేల చీరలు, తాన్లు, జాకెట్ ముక్కలు, ఒక కుట్టుమిషను, నేను, కొనడానికి వచ్చి కొనకుండా కబుర్లు చెప్పుకునే నలుగురు ఆడవాళ్లు, అందరం హాయిగా పట్టేవాళ్లం. సర్దడంలో నన్ను మించినవాడు కృష్ణకు ఇవతలా లేడు, అవతలా లేడు. గవర్నర్‌పేటలో ఒకసారి ఆటో డ్రైవరు "ఎనిమిది మూటలు పట్టవండీ, రెండో ఆటో పిలవండి" అన్నాడు. నేను అతన్ని దింపి, మూటలన్నీ నా చేత్తో సర్ది, పైన నేను కూర్చుని, దారిలో బస్టాండుకే వెళ్తున్న ఇద్దరు పెద్దవాళ్లను కూడా ఎక్కించుకున్నాను. నేను దిగేటప్పుడు డ్రైవరు నాకు దణ్ణం పెట్టాడు. భక్తితో పెట్టాడో, ఇంకోసారి రావద్దని పెట్టాడో నేను అడగలేదు.

అప్పుడు నాకు ముప్పై నాలుగేళ్లు. కొత్తగా తొమ్మిదో వార్డు కౌన్సిలర్ని అయ్యాను. ఎలా అయ్యానంటే, నిలబడ్డ ముగ్గురిలోనూ వార్డులో ఎవరితోనూ తగువు లేనివాణ్ణి నేనొక్కణ్ణే. బట్టల కొట్టువాడికి తగువు పెట్టుకునే తీరిక ఎక్కడిది?

ఆ సంవత్సరమే మా స్టేడియానికి కొత్త గేలరీలు కట్టారు. ఆటలు మొదలయ్యాయి. ఆట ఉన్నరోజున జనం బళ్లన్నీ తెచ్చి రోడ్డు మీద పెట్టేసి లోపలికి వెళ్లిపోయేవారు. ఒకరోజు అంబులెన్సు అరగంట ఆగిపోయింది. దాంతో ఊరంతా "పార్కింగు, పార్కింగు" అని గోల. స్టేడియం ప్రహరీని ఆనుకునే మున్సిపల్ భవనం ఒకటుంది. పైన ఆఫీసు కాగితాలు, కింద పెద్ద హాలు. ఆ హాలును పార్కింగుకు ఇచ్చేద్దామని ఎవరో కాగితం పెట్టారు.

ఆ హాల్లోనే వేదవతి టీచర్ గారు నాట్యం నేర్పేవారు. ఆవిడ కూచిపూడిలో పుట్టి మా ఊరి కోడలై వచ్చారు. భర్త పోయాక ఇరవై ఏళ్లుగా అదే హాలు, అదే పని. అరవై దాటాయి, మోకాళ్లు రెండూ అరిగాయి, గొంతు మాత్రం అరగలేదు. ఆవిడ "తై" అంటే వీధి చివర నా కొట్లో నేను ఉలిక్కిపడేవాణ్ణి. ఆ హాలు గచ్చు పిల్లల పాదాల కింద పడీ పడీ అద్దంలా తేలింది. ఎవరో టైల్స్ వేయిస్తామంటే, "నా గచ్చు జోలికి రాకండి నాయనా, ఇది ఇరవై ఏళ్లు దరువేసి చేసుకున్న గచ్చు" అన్నారట. మా అమ్మాయి పావని కూడా అక్కడే నేర్చుకునేది. దానికప్పుడు తొమ్మిదేళ్లు.

కౌన్సిల్ సమావేశానికి రెండు రోజుల ముందు టీచర్ గారు కొట్టుకు వచ్చారు.

"నాయనా కోటేశ్వరరావూ, హాలు తీసేసుకుంటారటగా?"

"నేనుండగానా? మీరేం బెంగపెట్టుకోకండి టీచర్ గారూ. నేను మాట్లాడతాను."

"మాట్లాడితే ఆగుతుందంటావా?"

"మీరే వచ్చి వెనక కుర్చీల్లో కూర్చుని చూడండి. పావనిని కూడా తీసుకురండి."

ఇదండీ, నా మొదటి తప్పు. మునిగేవాడు గుట్టుగా మునగకుండా, గట్టు మీద వాళ్లను పిలిచి మరీ చూపించాడు.

ఆ రెండు రోజులూ నేను కొట్లో అమ్మకాలు వదిలేసి ఉపన్యాసం రాశాను. నాలుగు పేజీలు. "కళ లేని ఊరు గంటలేని గుడి" అని మొదలవుతుంది. మా ఆవిడ లక్ష్మి చదివి, "బావుందండీ. కానీ ఇంత అవసరమా? వద్దు అని ఒక్క మాట అంటే చాలదూ?" అంది. ఆడవాళ్లకు రాజకీయం తెలియదని మనసులో అనుకున్నాను. ఈ మాటకు ఇప్పటికీ చెంపలు వేసుకుంటూనే ఉన్నాను.

సమావేశం రోజు వచ్చింది. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, భుజం మీద మంగళగిరి కండువా. నా పక్క కుర్చీ బసవయ్య బాబాయ్‌ది. నాన్నకు స్నేహితుడు, మూడోసారి కౌన్సిలరు. సభలో ఆయన అనుభవమంతా ఒక్క సూత్రంలో ఇమిడిపోతుంది: అవసరమైతే బల్ల చరుచు, లేకపోతే టీ తాగు. వెనక కుర్చీల్లో టీచర్ గారు, ఆవిడ పక్కనే రెండు జడలతో మా పావని. నేను వెనక్కి తిరిగి ఒకసారి కండువా సర్దుకున్నాను.

గుమాస్తా చదివాడు: "అంశం పదకొండు. స్టేడియం పక్కనున్న మున్సిపల్ భవనం కింది హాలును వాహనముల పార్కింగుకు కేటాయించు విషయము."

నేను లేవబోయేలోగా ఇంజినీరు గారు లేచారు. ఆయన అప్పుడు కేవలం నాలుగు వాక్యాలు మాట్లాడారు. అవి నాకు ఇప్పటికీ వచ్చు.

"హాలు చూశామండీ మేడమ్. మధ్యలో ఆరు స్తంభాలున్నాయి, గుమ్మం ఒక్కటే. ద్విచక్ర వాహనాలైతే నలభైకి మించి పట్టవు. ఇంత దానికోసం హాలు తీసుకోవడం దండగని మా అభిప్రాయం."

ఛైర్‌పర్సన్ గారు కళ్లజోడు తీసి కాగితం పక్కకు నెట్టారు. "నలభై బళ్లకోసం ఇంత గొడవెందుకండీ? వదిలేద్దాం. తర్వాతిది చదవండి."

అయిపోయింది! హాలు మిగిలింది. నేను చేయాల్సిందల్లా కూర్చుని ఉండటం. చంటిపిల్లవాడు కూడా చేయగలిగిన పని అది. బసవయ్య బాబాయ్ నా తొడ మీద తట్టి, "నోరు విప్పకుండానే గెలిచావురా. టీ తాగు" అన్నాడు.

కానీ పాఠకులారా, జేబులో నాలుగు పేజీలున్నాయి. వెనక టీచర్ గారు చూస్తున్నారు. పావని చూస్తోంది. ఇదంతా నావల్ల జరిగిందని వాళ్లకు ఎలా తెలుస్తుంది? స్తంభాల వల్ల గెలిచామంటే నాకేం గౌరవం?

లేచాను. "మేడమ్, ఒక్క మాట."

"అంశం అయిపోయింది కదండీ కోటేశ్వరరావు గారూ?"

"ఆ అయిపోవడం గురించేనండీ. ఈ హాలును మనం చోటు చాలదని వదిలేయకూడదు. కళ కోసం వదలాలి! చోటు చాలకపోవడమనేది ఒక కారణమా?"

బాబాయ్ నా చొక్కా అంచు పట్టుకుని కిందికి లాగాడు. "కూర్చోరా. నీకు కావాల్సింది వచ్చేసిందిరా."

ఇంజినీరు గారు మంచివారు. నన్ను ఓదార్చాలనుకున్నారు. "కళ సంగతి నాకు తెలియదండీ. చోటైతే నిజంగానే చాలదు. మీరు కంగారు పడకండి. అందులో నలభైకి మించి పట్టించడం ఎవరివల్లా కాదు."

ఎవరివల్లా కాదు! ఆ మాట వినగానే నా చెవుల్లో గవర్నర్‌పేట ఆటో హారను మోగింది. మా ఊళ్లో నన్ను ఏమైనా అనొచ్చు. నల్లగా ఉన్నానన్నా ఊరుకుంటాను, రంగు పోయే చీర అంటగట్టానన్నా ఊరుకుంటాను. పట్టదు అంటే మాత్రం ఊరుకోలేను. అది మా వృత్తికే తలవంపులు.

"ఎవరివల్లా కాదా? ఆ హాలు కొలతలు ఎంతండీ?"

ఆయన చెప్పారు. నేను నాలుగు పేజీల ఉపన్యాసాన్ని తిరగేసి, వెనకవైపు, అంటే కళ వెనకే, హాలు బొమ్మ గీశాను.

"చూడండి. మీరు బళ్లను తిన్నగా పెడుతున్నారు. అందుకే చోటు తినేస్తున్నాయి. చీరను అలా పెడతామా? ఏటవాలుగా పెట్టండి. ఒక బండి ముందుచక్రం ఇటు, పక్కబండి ముందుచక్రం అటు. మడత మీద మడత. హ్యాండిళ్లు ఒకదానికొకటి తగలవు. స్తంభం చుట్టూ నాలుగు స్కూటీలు, గోడవార ఒక వరస, గుమ్మం పక్కన ఖాళీ ఎందుకు పోవాలి? అక్కడ ఇంకో ఆరు."

"మరి లోపలిబండి బయటికి రావాలంటే?" అన్నారు ఇంజినీరు గారు.

"మా కొట్లో అడుగునున్న చీర తీయమంటే పై చీరలన్నీ దించుతామా? వేలు పెట్టి లాగుతాం. మధ్యలో సన్నటి దారి వదిలితే చాలు. నలభై కాదండీ, నూట ఇరవై! నూట ఇరవైకి ఒక్కటి తగ్గినా నా కొట్టు మూసేస్తాను!"

సభలో బల్లలు మోగాయి. కౌన్సిలర్లంతా చరుస్తున్నారు. ఎప్పుడూ బల్ల చరిచేవాణ్ణే గాని, నాకోసం బల్లలు మోగడం అదే మొదటిసారి. ఒళ్లు పులకరించింది. చేతులు జోడించి నాలుగువైపులా తిరిగి నమస్కారం పెట్టాను. వెనక్కి తిరిగి చూస్తే మా పావని కూడా చప్పట్లు కొడుతోంది. వాళ్ల నాన్న ఏదో గెలిచాడనుకుంది పాపం.

టీచర్ గారు కొట్టడం లేదు. ఆవిడ చేతులు ఒళ్లో ఉన్నాయి. నా వైపు చూస్తున్నారు. కోపంగా కాదు. తప్పు అడుగు వేసిన పిల్లను చూసినట్టు చూస్తున్నారు, ఎక్కడ తప్పిందో దానికే తెలుస్తుందేమోనని ఆగినట్టు.

అప్పుడు తెలిసిందండీ నాకు.

"శభాష్ కోటేశ్వరరావు గారూ!" అన్నారు ఛైర్‌పర్సన్ గారు, కళ్లజోడు మళ్లీ పెట్టుకుని. "నూట ఇరవై అంటే మాటలా? సగం సమస్య తీరిపోతుంది. పదకొండో అంశం మళ్లీ చర్చకు తీసుకోండి. ప్రతిపాదించినవారు కోటేశ్వరరావు గారని రాయండి."

"అయ్యయ్యో మేడమ్! నేను వద్దనే చెబుతున్నానండీ! నా ఉద్దేశం..."

"మినిట్స్‌లో ఉద్దేశాలు రాయమండీ," అన్నాడు గుమాస్తా తల ఎత్తకుండా. "మాటలే రాస్తాం."

"అయితే ఓటింగు పెట్టండి! నేను వ్యతిరేకిస్తున్నాను!"

పెట్టారు. నా ప్రతిపాదనను వ్యతిరేకించినవాణ్ణి నేనొక్కణ్ణే. పక్కకు చూస్తే బసవయ్య బాబాయ్ చెయ్యి కూడా వాళ్లతోపాటే పైన ఉంది.

"బాబాయ్! నువ్వు కూడానా?"

"నువ్వే పడతాయన్నావు కదరా," అన్నాడు ఆయన. "నాకు నీ మీద నమ్మకం."

బయటికొచ్చాక మెట్ల దగ్గర టీచర్ గారు కనబడ్డారు. కాళ్లమీద పడదామనుకున్నాను. ఆవిడ పావని చెయ్యి నా చేతిలో పెట్టి, "పిల్లకి ఆకలేస్తోంది, ఇంటికి తీసుకెళ్లు నాయనా" అన్నారు. తిట్టి ఉంటే నేను ఆ రాత్రి అన్నం తిని ఉండేవాణ్ణి.

ఇంటికెళ్లి జరిగింది లక్ష్మికి చెప్పాను. "ఫ్రిజ్‌లో గిన్నెలు కూడా మీరే సర్దుతుంటే సరదా పడ్డాను. నాదే తప్పు" అంది.

నెల తిరక్కుండా హాలు ఖాళీ చేయించారు. టీచర్ గారు నటరాజు పటం, తాళం వేసే కర్ర తీసుకెళ్లడానికి వచ్చినరోజున నేనూ వెళ్లాను, సాయం చేద్దామని. నా బొమ్మ ప్రకారం గచ్చు మీద పసుపు రంగుతో ఏటవాలు గీతలు గీసేశారు. ఆవిడ గుమ్మంలో నిలబడి కాసేపు చూశారు.

"ఇరవై ఏళ్లు పిల్లల్ని వరసలో నిలబెట్టలేక చచ్చేదాన్ని," అన్నారు. "ఈ గీతలు అప్పుడే గీసిచ్చి ఉండకూడదటయ్యా!"

నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

"టీచర్ గారూ, మా కొట్టు పైన గదుంది. సరుకు కింద సర్దేస్తాను. క్లాసు అక్కడ పెట్టుకోండి."

"పిల్లలు నలభై నాలుగు మంది నాయనా. పడతారా?"

నోటి చివరిదాకా వచ్చింది, ఎందుకు పట్టరండీ అని. మింగేశాను. ముందు సరుకంతా కిందికి దించాను. రెండు వేల చీరల కొట్లో మూడు వేలు పెట్టాను. సుద్దముక్క తీసుకుని పైగదిలో గీతలు గీశాను, ఏటవాలుగా, ఒకరి ముఖం ఇటు, ఒకరి ముఖం అటు. లెక్కకు నలభై నాలుగు మందీ పట్టేశారు. టీచర్ గారు వచ్చి చూసి, పావనిని ఒక గడిలో నిలబెట్టి చేతులు చాపమన్నారు. చాపింది. రెండు చేతులూ పక్కవాళ్ల గడుల్లోకి వెళ్లాయి.

"చూశావా?" అన్నారు. "చెయ్యి చాపాక వేలి చివర కూడా ఇంకాస్త చోటుండాలి. అది లేకపోతే పిల్ల చెయ్యి చాపదు నాయనా, ముడుచుకుంటుంది. నీకు ఆ హాలు ఖాళీగా కనబడింది. ఖాళీ కాదు అది. మా పిల్లల చేతులు పట్టేంత చోటు."

గీతలన్నీ చెరిపి మళ్లీ గీశాం. పదకొండు మంది పట్టారు. నూట ఇరవై బళ్లు పట్టించిన మొనగాడు, పదకొండు మంది పిల్లల దగ్గర ఆగిపోయాడు.

అప్పటినుంచీ టీచర్ గారు నాలుగు జట్లు పెట్టారు. ఒక సాయంత్రం చెప్పే పాఠం నాలుగుసార్లు చెబుతారు. మొదటి జట్టుకు ఆవిడ నిలబడి చూపిస్తారు. రెండో జట్టుకు గోడ పట్టుకుంటారు. మూడోదానికి కుర్చీ వేసుకుంటారు. నాలుగో జట్టు వచ్చేసరికి ఆవిడ "తై" కింద కొట్లో ఉన్న నాకు వినబడదు. మా పావని నాలుగో జట్టు. ఒకప్పుడు వీధి చివరదాకా వినబడిన గొంతు, ఇప్పుడు నా నెత్తిమీద చెక్క దాటి కిందికి రాదు. ఆ పాపం నాది, ఎవరి పద్దులోనూ వేయలేను.

పోనీ, అక్కడ నూట ఇరవై బళ్లైనా పడుతున్నాయా? మీకు తెలుసుకోవాలని ఉంటుంది. మొదటి ఆట రోజున పొద్దున్నే వెళ్లి నిలబడ్డాను. "బాబూ, ముందుచక్రం ఇటు పెట్టు. అమ్మా, కాస్త ఏటవాలుగా" అని మొత్తుకున్నాను. చీరలు చెప్పినట్టు వింటాయి గాని, బళ్లవాళ్లు వింటారటండీ? ఒకాయన అడ్డంగా పెట్టి తాళం వేసుకుని పోయాడు. ఇంకొకాయన గుమ్మంలోనే స్టాండు వేశాడు. హాలు నిండిపోయింది. లెక్కపెట్టాను. మళ్లీ లెక్కపెట్టాను. ముప్పై తొమ్మిది. పక్కనే ఇంజినీరు గారు నిలబడి ఉన్నారు. "నేను ఒకటి ఎక్కువే చెప్పానండీ," అన్నారు నొచ్చుకుంటూ.

ఒకటి తగ్గినా కొట్టు మూసేస్తానన్నాను కదా, మూశారా అని అడగకండి. పైన పిల్లలున్నారు, ఎలా మూయను?

మళ్లీ ఎన్నికల్లో నేను నిలబడలేదు. మొన్న ఇంజినీరు గారే కొట్టుకు వచ్చారు. స్టేడియం దగ్గర మళ్లీ గొడవ. ఆ భవనం వెనకే పెద్దవాళ్లు పేపర్లు చదువుకునే గదొకటి ఉంది.

"మేడమ్ గారు మిమ్మల్ని అడిగి రమ్మన్నారండీ. ఆ గదిలో ఎన్ని పట్టించవచ్చంటారు? కొలతలు తెచ్చాను."

కాగితం బల్లమీద పెట్టారు. నా చూపు దానిమీద పడింది. వేళ్లు దురద పెట్టాయి. సరిగ్గా అప్పుడే పైన నాలుగో జట్టు మొదలైంది. పదకొండు జతల పాదాలు ఒక్కసారి చెక్కను తాకాయి. అర అదిరి పైనున్న బట్టతాను ఒకటి జారి నా నెత్తిమీద పడింది. టీచర్ గారి గొంతు వినబడలేదు, కర్ర చప్పుడు మాత్రం వినబడింది.

"నాకు లెక్కలు రావండీ," అని కాగితం ఆయన చేతికే ఇచ్చేశాను.

అందుచేత, మా నాన్న నేత నేసిన చేతుల సాక్షిగా, నా కొట్టు గజంబద్ద మీద చెయ్యి వేసి, మీ అందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఇక ఎవరు అడిగినా, ఎంత రెచ్చగొట్టినా, దేంట్లో ఏది ఎంత పడుతుందో నోరు విప్పి చెప్పను. బస్సులో కాస్త సర్దుకోమన్నా పక్కవాళ్లే సర్దుకోవాలి. పట్టదన్నవాడి మాటే నా మాట.

ఆ పేపర్ల గదిలో అరవై అయిదు పడతాయి. మీకు కాబట్టి చెప్పాను, దయచేసి ఎవరితోనూ అనకండి.